పచ్చ లైటు గారూ, కాస్త పక్కకి జరుగుతారా?

మహారాజశ్రీ రంగు దీపాలవారి సముఖమునకు,

చిరునామా: వేణువు గుహ, గుయిలిన్ నగరం, గ్వాంగ్‌షీ, చైనా. రైలింగు అవతల, రాతి బొడిపె వెనక, వైరు కనబడకుండా దాక్కున్న చోటు.

ఉభయకుశలోపరి.

తమరు కులాసాగానే ఉంటారని తెలుసు. బయట జులై ఎండకి జనం ఉడికిపోతుంటే తమరు ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీల చల్లదనంలో, కరెంటు బిల్లు బెంగ లేకుండా వెలిగిపోతున్నారు. గుహ తలుపులు జనానికి తెరిచింది 1962లో. రాయి వయసు కోట్ల ఏళ్లు, బల్బుల వయసు మహా అయితే ఒక తరం. అయినా గుయిలిన్ పోస్టరు ఎక్కడ అంటించినా అందులో ఊదారంగు, గులాబీ రంగు, నీలం రంగు తప్ప రాయి రంగు కనబడదు. అద్దెకుండే మనిషి ఇంటిగలవాడి ఫోటో తీసేసి తన ఫోటో తగిలించినట్టుంది వ్యవహారం.

అసలు ఇంటిగలవారి సంగతి ఒకసారి మనవి చేయనివ్వండి. గుయిలిన్ ఊరు ఊరంతా సున్నపురాయి మీద కూర్చుంది. వాననీళ్లు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త పులుపెక్కుతాయి. గోలీసోడాకి దూరపు చుట్టం అనుకోండి. ఆ పులుపు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. గుహ కప్పు దగ్గర గాలి తగలగానే లోపలి గ్యాసు తప్పించుకుంటుంది. సోడా గోలీ నొక్కితే బుస్సుమన్నట్టే, కాకపోతే ఇక్కడ చప్పుడుండదు. గ్యాసు పోయాక ఆ నీళ్లు సున్నాన్ని మోయలేక అక్కడే దించేసి పోతాయి. కప్పు నుంచి వేలాడితే స్టాలక్టైట్, నేలమీంచి లేస్తే స్టాలగ్మైట్, రెండూ కలుసుకుంటే స్తంభం. మామూలు లెక్కన ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది. వేలెడు పొడుగవ్వాలంటే ఏడెనిమిది వందల ఏళ్లు. దానికి తమరు స్విచ్చి నొక్కగానే వంకాయ రంగు పులుముతారు.

గుహ లోతు 240 మీటర్లు, తిప్పి చూపించే దారి సుమారు 500 మీటర్లు. ముప్పావుగంట నడక. ఆ ముప్పావుగంటలో రాళ్లకి పెట్టిన పేర్లు వినాలి: సింహాల అడవిలో తెల్లవారుజాము, పూలూ పళ్ల కొండ, డ్రాగన్ రాజు స్ఫటిక భవనం. స్ఫటిక భవనం అంటే వెయ్యిమంది పట్టే హాలు. అందులో ఒక సన్నటి నిలువు రాయిని చూపించి, చైనా పాతకథల్లోని కోతిరాజు సున్ వూకోంగ్ డ్రాగన్ రాజు దగ్గర ఎత్తుకుపోయిన మంత్రదండం ఇదే అంటారు. మన హనుమంతుడికి వేలువిడిచిన చుట్టంలా ఉండే ఆ కోతిరాజు కథ తెలిసినవాళ్లకి ఆ రాయి దగ్గర భలే సరదా.

పేర్లతో మాకేం పేచీ లేదు. రాయి కనబడితే దాంట్లో ఎవర్నో ఒకర్ని వెతుక్కోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. మా బొర్రా గుహల్లోనూ శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం అన్నీ ఉన్నాయి. పేచీ అంతా తమరితోనే. గైడు "అదిగో తెల్లవారుజాము" అనే లోపే తమరు వెనకనుంచి ఎర్రగా వెలిగి జవాబు చెప్పేస్తారు. అడవి అంటే పచ్చగా, సముద్రం అంటే నీలంగా. పొడుపు కథ వేసి, ఎదుటివాడు బుర్ర గోక్కోకముందే విప్పేసేవాడిని మా ఊళ్లో అరుగు మీంచి లేపేస్తారు. తమరిని మాత్రం స్క్రూలేసి బిగించారు.

ఒక్కసారి తమరి జోక్యం లేకుండా ఏం కనబడుతుందో చెబుతాం. జేబులో పట్టే తెల్ల టార్చి ఒకటి, చిన్నది చాలు. గుంపు ముందుకు సాగాక రెండు మలుపుల మధ్య తమరి కాంతి పలచబడే చోటు ఉంటుంది. అక్కడ టార్చిని రాయికి ఎదురుగా పట్టకూడదు. పక్కనుంచి, రాతి ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పోయేలా పట్టాలి. ఎదురు వెలుతురులో అన్నీ చదునైపోతాయి. పక్క వెలుతురులో నీడలు లేచి, నీళ్లు జారిన దారులన్నీ చీర కుచ్చిళ్లలా విడివడతాయి. శుద్ధమైన కాల్సైట్ మీగడ రంగులో ఉంటుంది. ఇనుము కలిసినచోట బెల్లం పాకం రంగు, మాంగనీసు ఉన్నచోట నలుపు. కొత్తగా మొదలయ్యే స్టాలక్టైట్ కూల్‌డ్రింకు స్ట్రా అంత సన్నం, అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, లోపల డొల్ల. నీటి బొట్టు ఎంత లావుంటే గొట్టం అంత లావు. దాని కొనన ఒక చుక్క వేలాడుతూ ఉంటుంది. పడదు. బొట్టు అంచు చుట్టూ, గొట్టం మూతి దగ్గర, కంటికి ఆనీ ఆనని తెల్లటి ఉంగరం. ఈ శతాబ్దపు పని అదే. చెయ్యి చాపి ఆ చుక్కని తుడిచేశారంటే వేలి జిడ్డు అంటుకుని తరవాత సున్నం సరిగా పట్టదు; అందుకే ముట్టుకోవద్దని బోర్డులు పెడతారు. తమరు ముట్టుకోరు, ఆ మాట ఒప్పుకోవాలి. దూరం నుంచే పని కానిచ్చేస్తారు.

ఎలాగంటారా? ఆకులో పచ్చదనానికి ప్రాణం పోసేది ఎరుపు, నీలం కాంతులే. గుహలో సహజంగా చీకటి కాబట్టి అక్కడ మొక్క జాతి మొలవదు. తమరు రోజుకి పది గంటల చొప్పున సరిగ్గా ఆ రెండు రంగులే వడ్డిస్తుంటే, సందర్శకుల బట్టలమీదా చెప్పులమీదా వచ్చిన విత్తులన్నీ తమరి కాళ్ల దగ్గరే కాపురం పెడతాయి. మొదట నాచు, తరవాత పాచి, ఇంకా ఓపికుంటే ఫెర్న్ పిల్లలు. బల్బు చుట్టూ వృత్తంగా పచ్చబడిన రాయి కనిపిస్తే అది లైటు రంగు అనుకుని మురిసిపోతారు జనం. లైటు కట్టేసినా ఆ పచ్చ అక్కడే ఉంటుంది. దీపాలు వెలిగే గుహలు ప్రపంచంలో ఎక్కడున్నా వాటికి ఈ తెగులు ఉంది. బ్లీచింగ్ నీళ్లు కొడితే పాచి చస్తుంది గానీ గుహలోపల బతికే సూక్ష్మజీవులూ చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కాస్త నయం, కానీ జాగ్రత్తగా కలపకపోతే రాయినే తింటుంది. నయాపైసా ఖర్చులేని మందు ఒకటుంది: గుంపు దాటగానే ఆరిపోవడం. మనుషుల్ని పసిగట్టే సెన్సరు, చల్లటి ఎల్ఈడీ, ఆకులకి పెద్దగా పనికిరాని పసుపు ఛాయ కాంతి పెడితే పాచి నెమ్మదిస్తుంది. అప్పుడు తమరి డిస్కో ఏమవుతుందన్నది మాకూ దిగులే.

ఫోటోల గోడు వేరే చెప్పుకోవాలి. ఒకే ఫ్రేములో ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ ఉంటే ఫోను కెమెరాకి తెలుపు ఏదో తెలియక తికమకపడుతుంది. రాళ్ల సంగతి అటుంచి, ముందు నించున్న అత్తగారి మొహం నేరేడుపండులా వస్తుంది. ఫ్లాష్ వేస్తే ఎదురుగా ఉన్న తేమ తుంపరే తెల్లగా వెలుగుతుంది, వెనక గుహ మాయం. మార్గం: తెలుపు ఏదో కెమెరాకి చెప్పే వైట్ బ్యాలెన్స్ సెట్టింగుని ఆటోలోంచి తీసేసి, నడకదారి పక్కన ఎక్కడైనా మామూలు తెల్లలైటు ఉంటే దానికి సరిచేసి అక్కడే ఆపాలి. మోచేతులు రైలింగు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, షట్టరుని సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచాలి. ఒకే రంగు పడ్డ మూలని ఎంచుకుంటే ఆ ఫోటోని ఇంటికొచ్చాక నలుపు తెలుపులోకి మార్చుకోవచ్చు. అందులో రాయి బతికి బట్టకడుతుంది.

ఇన్ని రంగులున్నాయి కదా, ఆ గోడమీది రాతలకి ఒక్క తిన్నటి తెల్లబల్బు పెట్టడానికి తమరికి చేతులు రాలేదేం? ఈ గుహలో పాతకాలపు సిరా రాతలు డెబ్భైకి పైగా ఉన్నాయి. అన్నిటికన్నా పాతది తాంగ్ రాజుల కాలానిది, క్రీ.శ. 792. ఎవరెవరు కలిసి వచ్చారో, ఎప్పుడొచ్చారో రాసిపెట్టుకున్నారు. మన కోటగోడల మీద బొగ్గుముక్కతో "రాజు ప్లస్ రాణి" రాసేవాళ్లకి పన్నెండు వందల ఏళ్ల కిందటి తాతలు. పురుగు పట్టకుండా, వాన తగలకుండా చీకట్లో ఆ సిరా నిలిచింది. గుంపులు అక్కడ ఆగవు. సింహం బొమ్మకి నాలుగు ఫోకస్ లైట్లున్నాయి కనక అక్కడే ఆగుతాయి.

తమరి బంధువర్గం ఊళ్లో కూడా బాగానే స్థిరపడింది. షాన్ సరస్సులో రెండు గోపురాలున్నాయి: సూర్య గోపురం తొమ్మిదంతస్తులు, 41 మీటర్లు, రాగితో కట్టింది, చంద్ర గోపురం ఏడంతస్తులు, 35 మీటర్లు, మెరుగుపెంకులది. రెండిటి మధ్యా నీళ్లకింద సొరంగం. రాత్రయితే ఒకటి బంగారంలా, ఇంకొకటి వెండిలా మెరుస్తాయి. అక్కడ మాత్రం తమరివాళ్లని క్షమించాం. ఆ గోపురాలు ఈ మధ్య కట్టినవి, దీపాల్ని మనసులో పెట్టుకునే కట్టారు. పక్కనున్న రోంగ్ సరస్సూ, ఈ షాన్ సరస్సూ పాతకోట దక్షిణపు కందకమే. మధ్యలో వంతెన అడ్డొచ్చి రెండు పేర్లయ్యాయి. పడవ టికెట్ కొనకపోయినా ఫరవాలేదు. పొద్దుగూకాక ఒడ్డున నడిస్తే రెండు గోపురాలూ నీళ్లలో తలకిందులుగా ఉచితంగా కనబడతాయి. గాలిలేని రాత్రి చూసుకోవాలంతే.

ఏనుగుతొండం కొండ దగ్గర మళ్లీ మా గొంతు లేస్తుంది. లీ నదిలోకి తొండం దించి నీళ్లు తాగుతున్న ఏనుగులా ఉంటుంది ఆ కొండ. తొండానికీ ఒంటికీ మధ్య ఉన్న ఖాళీ పేరు నీటి చంద్రుడి గుహ. ఆ గుండ్రటి ఖాళీ, నీళ్లలో దాని నీడ కలిస్తే నిండు చందమామ ఆకారం వస్తుంది. నదిమీద అసలు చంద్రుడు కూడా ఉంటే లెక్క తేలదు. అలాంటి చోట ఫ్లడ్‌లైట్లు! పెళ్లికూతురి మొహమ్మీద సినిమా షూటింగు లైటు కొట్టినట్టు. ఒకప్పుడు ఈ పార్కుకి గట్టి టికెట్టే ఉండేది, 2022 నుంచి ఉచితం. బొమ్మ బాగా కుదరాలంటే కొండెక్కి లాభం లేదు, ఏనుగు వీపుమీద కూర్చుంటే ఏనుగు కనబడదుగా. నదికి ఎదుటి ఒడ్డుకి పోవాలి, అదీ పొద్దున్నే, తమరివాళ్లు నిద్రపోయాక.

సప్తనక్షత్ర పార్కుని తొందరగా దాటేస్తాం. ఏడు శిఖరాలు, నాలుగు ఒక కొండవి, మూడు ఇంకో కొండవి, అచ్చం సప్తర్షి మండలం అమరిక. ఏడుకొండలన్నారని మనవాళ్లు అక్కడ గోవింద కొట్టనవసరం లేదు. యాత్రికుడు షూ షియాకే 1637లో ఇక్కడి గుహల్లోకి కాగడాల వెలుగులో దిగి, ఏ బిలం ఎటు తిరుగుతుందో రాసిపెట్టాడు. ఆయన చూసిన గుహ ఇప్పుడు తమరి రెండో బ్రాంచి.

మా పక్షాన కూడా తప్పుంది, దాచడం దేనికి. అనంతగిరి కొండల్లో బొర్రాకి వెళ్లినా రంగు లైట్లే స్వాగతం చెబుతాయి. ఇక్కడి వినాయక చవితి పందిళ్లలో సీరియల్ సెట్లు కట్టే చేతులే అక్కడా పనిచేశాయేమో అనిపిస్తుంది. చైనాలో డాక్టరీ చదివే తెలుగు పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు తమరిని చూసి "అచ్చం మన బొర్రా లాగే ఉందే" అంటే, పొగిడారని పొంగిపోకండి.

తమరి దగ్గరికి రాబోయేవాళ్లకి చెప్పిపెట్టేవి కొన్ని. గ్వాంగ్‌ఝౌ నుంచి బుల్లెట్ రైలు మూడు గంటల లోపు తెచ్చేస్తుంది గానీ టికెట్‌ మీద "గుయిలిన్", "గుయిలిన్ ఉత్తరం", "గుయిలిన్ పడమర" అని వేర్వేరు స్టేషన్లుంటాయి; పడమరది ఊరికి దూరం, పొరపాటున అక్కడ దిగితే ఊళ్లోకి మళ్లీ టాక్సీ వెతుక్కోవాలి. గుహ ఊరి మధ్యనుంచి అయిదారు కిలోమీటర్లు. టికెట్‌కి పాస్‌పోర్టు కావాలి. తలుపు తీయగానే వెళ్లాలి, పది దాటితే టూరు బస్సులు దిగుతాయి. ఒక గైడు మైకులో మాట్లాడుతుంటే వెనక గైడు మైకు దానిమీద ఎక్కి, గుహంతా ఒకే గోలవుతుంది. అక్టోబరు 1 నుంచి 7 దాకా చైనా అంతా సెలవు, ఆ వారం అటు పోకపోవడం పుణ్యం. నేల తడి, నున్నటి అడుగున్న చెప్పులు వద్దు. గుంపులో చివరి మనిషి వెనక నడవాలి.

చివరగా కెమెరా అద్దం. ముప్పావుగంట చల్లటి గుహలో ఉన్న లెన్సుని వేసవిలో బయటికి తెస్తే బయటి తేమ దానిమీద నీటిపొరై కూర్చుంటుంది. కళ్లజోళ్లకీ అంతే. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. గుహలో ఉండగానే కెమెరాని బ్యాగులో పెట్టి జిప్పు వేసి, బయటికొచ్చాక పావుగంట ఆగి తీయాలి.

ఇట్లు,
రైలింగు పట్టుకుని నించున్న వెనక వరస

తా.క.: రెండో మలుపు దగ్గర మీ పక్కింటి బల్బు ఎప్పుడైనా మాడిపోతే, దయచేసి ఎవరికీ చెప్పకండి.