మహారాజశ్రీ పంటి సిమెంటు గారి సముఖమునకు

అయ్యా,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం లేఖామర్యాదే గాని, మొన్న మంగళవారం మధ్యాహ్నం నుంచి మనిద్దరిలో కుశలంగా ఉన్నవారు ఎవరూ లేరు. తమరు డాక్టరు గారి డ్రిల్లు కింద పొడిపొడిగా రాలి, ఉమ్మి లాగే గొట్టంలో కొట్టుకుపోయారు; నేను సగం మొద్దుబారిన దవడతో, రూట్ కెనాల్‌కు అడ్వాన్సు కట్టి ఇల్లు చేరుకున్నాను. తమరిని నా పన్నులో ప్రతిష్ఠించిన రోజున "ఇక ఈ పన్ను సంగతి మరచిపోండి" అని నాకు గట్టి హామీ లభించింది. ఆనాటి బిల్లు ఇంకా నా పర్సులోనే ఉంది.

తమరు ఖాళీ చేసిన గుంతను డాక్టరు గారు చిన్న కెమెరాతో తీసి, కుర్చీ ముందున్న తెర మీద పెద్దదిగా చూపించారు. అడుగున గోధుమరంగు పొర ఒకటి, పనిముట్టుతో గీకితే రేకులుగా ఊడివచ్చేంత మెత్తగా ఉంది. గోడ వెంట, సరిగ్గా తమరికీ నా పన్నుకూ సరిహద్దు అయిన చోట, పైనుంచి కిందిదాకా వెంట్రుక మందాన నల్లటి గీత దిగింది. ఆ గీతను ఆయన సూదిమొనతో తాకి, "ఇదుగోండి, ఇక్కడినుంచే లోపలికి పోయింది" అన్నారు. నా విన్నపమంతా ఆ గీత గురించే.

తమరిని ఎవరికి కాపలాగా నియమించారో ముందుగా మనవి చేస్తాను. పంటి లోపలి గుజ్జు ప్రాణమున్న కణజాలం. దాని అంచున ఒడాంటోబ్లాస్టులనే కణాలు వరుసగా నిలబడి, ఒక్కొక్కటి తన తోకను, ఎనామిల్ అనే పైపెంకు కింద ఉండే డెంటిన్ అనే గట్టి పొరలోని సన్నని గొట్టంలోకి చాచి ఉంచుతుంది. ఈ గొట్టాలు ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 వేలు, గుజ్జును సమీపించేసరికి సుమారు 45 వేలు ఉంటాయి. వాటి వెడల్పు కూడా లోపలికి పోయేకొద్దీ మైక్రాను లోపు నుంచి రెండున్నర మైక్రాన్ల దాకా పెరుగుతుంది. అంటే పుచ్చు ఎంత లోతుకు దిగితే, తమరి కింద అన్ని ఎక్కువ దారులు తెరిచి ఉంటాయన్నమాట. ఒడాంటోబ్లాస్టు ఒకసారి పెరిగి స్థిరపడ్డాక మళ్లీ విభజన చెందదు. అది చచ్చిపోతే గుజ్జులోని మూలకణాల్లో ఏదో ఒకటి వచ్చి ఆ కొలువులో చేరాలి. పైగా చుట్టూ గట్టి గోడలు ఉన్నందున వాపు వచ్చినా పొంగడానికి చోటు లేదు, రక్తం రావాలన్నా పోవాలన్నా వేరు కొసనున్న సన్నని రంధ్రాలే గతి. ఇంత ఇరుకు సంసారాన్ని నమ్మి తమ చేతిలో పెట్టారు.

తమరి మీద పాత ఫిర్యాదులు చాలా ఉన్నాయని ఎరుగుదును. వాటిని తవ్వి తీసే ఉద్దేశం నాకు లేదు గాని, ఒక్కటీ ప్రస్తావించకపోతే తమరు చిన్నబుచ్చుకుంటారేమో! 19వ శతాబ్ది చివరి నుంచీ క్యాపులు అతికిస్తున్న జింక్ ఫాస్ఫేట్ రూపంలో తమరు ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిసి విచ్చేస్తారు; కలపడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు తమరి పీహెచ్ దాదాపు 2, ఒక రోజంతా గడిచాక కూడా 5.5 దగ్గరే. తలచుకుంటేనే పళ్లు పులిసే ఆమ్లాన్ని ఏరి కోరి పంటి కోసమే కలుపుకోవడం మానవుడి చమత్కారం. చల్లని గాజు పలక మీద పొడిని చిటికెడు చిటికెడుగా కలుపుతూ వేడినీ పులుపునూ తగ్గించే నేర్పు కలిపేవారి చేతిలో ఉండాలి. వారికి ఆ రోజు ఇంటికి వెళ్లే తొందర ఉంటే ఆ ఫలితం నా గుజ్జు అనుభవించాలి. లవంగ నూనె వాసనతో వచ్చే జింక్ ఆక్సైడ్ యూజినాల్ రూపంలో తమరు పరమ సాత్వికులు. డెంటిన్ అడ్డుగా ఉన్నంతసేపు పలుచగా దిగి నొప్పిని జోకొడతారు, ఆ అడ్డు తొలగి గుజ్జును నేరుగా తాకారా, అదే యూజినాల్ కణాలను చంపుతుంది. నీలి దీపం వేయగానే బిగుసుకునే, రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు కలిసిన గ్లాస్ అయొనోమర్ అనే గాజుపొడి సిమెంటుగా వచ్చినప్పుడు, బిగుసుకోకుండా మిగిలిన హీమా అనే చిన్న అణువు డెంటిన్ గొట్టాల్లోంచి జారి, కణాలు ఆత్మరక్షణకు దాచుకున్న గ్లూటాథయోన్‌ను హరిస్తుంది. మోతాదు మించితే ఆ కణాలు తమంతట తామే చచ్చే ఏర్పాటు చేస్తుంది.

ఇక నా పన్నులో వెలసింది 1972లో లండన్ శాస్త్రవేత్తలు విల్సన్, కెంట్ లోకానికి పరిచయం చేసిన అసలు గ్లాస్ అయొనోమర్. అందులోని పాలియాక్రిలిక్ ఆమ్లం అణువు పెద్దది కనుక గొట్టాల్లో దూరలేదు. తమరి పెద్దరికం పనికివచ్చింది ఈ ఒక్క చోటనే. తమరు నిత్యం ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తూ ఉంటారని, అది పంటికి మహా బలమని నాకు ఎంతో సంబరంగా చెప్పారు. నేను నల్గొండ జిల్లా వాణ్ని. ఫ్లోరైడ్‌కు ఎదురు డబ్బు కట్టిన మొదటి మనిషిని మా ఊళ్లో నేనే అయి ఉంటాను.

ఇవన్నీ క్షమించాను. ఎందుకంటే గుంత అడుగున అర మిల్లీమీటరు డెంటిన్ మిగిలి ఉన్నా అది తమరి విషాన్ని చాలావరకు పీల్చి, పలుచన చేసి, గుజ్జును ఆదుకుంటుంది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి గుజ్జును బయటపెట్టి, పైన ఏ మూతా పెట్టకుండా అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లిపోయింది. పుట్టుకతోనే సూక్ష్మజీవుల పొడ ఎరుగని ఎలుకల్లో, తిన్న తిండి ఆ రంధ్రంలో ఇరుక్కుంటున్నా, గుజ్జు బతికి, తన పైన తానే కొత్త గట్టి పొరను వంతెనగా కట్టుకుంది. తమరు లేకుండానే కట్టుకుందని దయచేసి గమనించవలసింది. ఆ తరువాత 1987లో చార్లెస్ కాక్స్ బృందం కోతుల పళ్లలో బయటపడ్డ గుజ్జు మీద నేరుగా జింక్ ఫాస్ఫేటునూ, అంతకంటే అపఖ్యాతి మూటగట్టుకున్న సిలికేట్ సిమెంటునూ పెట్టి, సూక్ష్మజీవులు దూరకుండా పైభాగాన్ని జింక్ ఆక్సైడ్ యూజినాల్‌తో మూసి చూసింది. ఆ ఆమ్లాల కిందే గుజ్జు మానింది. స్వీడన్‌లో మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ అంతకు ముందు నుంచీ మొత్తుకుంటున్నదీ అదే: ఫిల్లింగు కింద గుజ్జును చంపేది ఆ పదార్థం కాదు, దాని పక్కనుంచి దూరే సూక్ష్మజీవులు.

దశాబ్దాల పాటు తమరి ఆమ్లం మీద నడిచిన హత్యాభియోగం అలా వీగిపోయింది. తమరు విషప్రయోగం చేయలేదు. కాపలాకు కూర్చుని తలుపు వేయలేదు.

ఆ తలుపు సంగతే నేను వదలలేకపోతున్నాను. నీళ్లతో బిగుసుకునే తమరికి మొదట్లో తడి తగిలినా కష్టమే, ఆరినా కష్టమే. ఆరితే కుంచించుకుపోయి పగుళ్లిస్తారు. రెజిన్ కలిసిన వారు బిగుసుకునేటప్పుడే కుంచించుకుపోతారు. జింక్ ఫాస్ఫేట్ వారు పంటికి రసాయనికంగా అంటుకోనే అంటుకోరు, గరుకుతనంలో ఇరుక్కుని కాలక్షేపం చేస్తూ అంచున ఉమ్మికి కొంచెం కొంచెం కరిగిపోతారు. సూక్ష్మజీవికి కావలసింది మైక్రాను, రెండు మైక్రాన్ల సందు. అది దూరాక అక్కడే కాపురం పెట్టి ఆమ్లం వదిలి డెంటిన్‌ను కరిగిస్తుంది. అది గుజ్జును చేరకముందే దాని విషాలు గొట్టాల్లోంచి ముందుగా దిగుతాయి. ఒడాంటోబ్లాస్టులు పాపం ఊరికే ఉండవు. లోపలివైపు కొత్త డెంటిన్ పేర్చి గోడను మందం చేసుకుంటూ, వెనక్కి జరుగుతూ పోరాడతాయి. వాటికి చేతకానప్పుడు గుజ్జు వాస్తుంది, వాచడానికి చోటులేక ఊపిరాడక చస్తుంది. కొత్త ఇంటి స్లాబు మొదటి వానకే ఉరిస్తే మేస్త్రీని పిలిచి నిలదీస్తాం. నిన్ను ఎవరు నిలదీయాలి?

నేను నిన్ను అడిగిందేమిటి? మందుగా పనిచేయమన్నానా? ఫ్లోరైడ్ పంచమన్నానా? అంచు మూసుకుని కూర్చోమన్నాను, అంతే కదా! చల్లటి మజ్జిగ తాగితే జివ్వుమంటోందని నేను మళ్లీ వెళ్లి మొరపెట్టుకుంటే, "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అన్నారు. ఆ సందులోంచి గొట్టాల్లోని ద్రవం చల్లదనానికి కదిలి లోపలి నరాలను గిల్లుతోందని, అంటే నువ్వు ఆ రోజుకే పట్టు వదిలేశావని, ఆ జివ్వు నాకు చెబుతూనే ఉంది. కొన్ని నెలలకు నిజంగానే సర్దుకుంది. నా మీద దయతో సర్దుకోలేదు, జివ్వుమనవలసిన వాళ్లు చచ్చిపోయి సర్దుకుంది. నువ్వు మాత్రం ఆ శవాల మీద తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు. అద్దంలో చూసుకున్న ప్రతిసారీ నీ నునుపు చూసి నేను మురిసిపోయాను కూడా.

మళ్లీ మర్యాదలోకి వస్తాను. తమరి ఇంటిపేరున్న వారంతా ఒకేలా లేరని ఒప్పుకోక తప్పదు. 1920లలో జర్మనీకి చెందిన హెర్మన్ వాడకంలోకి తెచ్చిన కాల్షియం హైడ్రాక్సైడ్ మరేమీ కాదు, మా తాతగారి తమలపాకు మీది తడి సున్నమే. అది గుజ్జు పైపొరను కొంచెం కాల్చి, ఆ మంటకు కింది కణాలు వంతెన కట్టుకునేలా చేస్తుంది. వంతెనలో తూట్లు ఉంటాయి, సున్నం తానే కాలక్రమంలో కరిగిపోతుంది, అయినా ప్రయత్నం మెచ్చుకోదగ్గది. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం నుంచి తొరాబినెజాద్ బృందం ముందుకు తెచ్చిన ఎంటీఏ (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్) అనే సిమెంటు ఇంకా ఘనురాలు. మా మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కార్ఖానాల్లో బస్తాలకెక్కే పోర్ట్‌లాండ్ సిమెంటే అందులో ముప్పాతిక వంతు, ఎక్స్‌రేలో కనబడటానికి బిస్మత్ ఆక్సైడ్ చేరుస్తారు. బిగుసుకోవడానికి రెండున్నర గంటలకు పైగా తీసుకుంటుంది, పంటి రంగు చెడగొడుతుంది. కాని తడిలోనే బిగుసుకుని అంచును చక్కగా మూస్తుంది. ఆ మూత కింద, నెమ్మదిగా విడుదలయ్యే కాల్షియం నీడలో, మూలకణాలు వచ్చి ఒడాంటోబ్లాస్టుల కొలువులో చేరి, సున్నం కింద కట్టిన దానికంటే చిక్కని వంతెన కడతాయి. ఆ మహాతల్లిని నా పన్నుకు ఎందుకు పిలవలేదని నేను అడిగితే జవాబుగా రేటు చెప్పారు. బస్తా సిమెంటు ధర తెలిసిన జిల్లా వాణ్ని కనుక, గ్రాము ధర వినగానే నోరు తెరిచాను. డాక్టరు గారు అదే అదనుగా మత్తు సూది పొడిచారు.

వచ్చే వారం కార్యక్రమం తమరికి తెలిసే ఉంటుంది. గుజ్జు మొత్తం తీసేసి, వేళ్లలో గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థపు పుల్లలు పెట్టి, వాటి చుట్టూ సందులు పూడ్చడానికి తమరి బంధువైన మరో సిమెంటును పోస్తారట. పైన గుంతలో మళ్లీ తమరేనట. ఆపైన క్యాపు, దాన్ని అతికించడానికి మళ్లీ తమ ఇంటివారేనట. కాపలాకు వచ్చి, సంసారం ఆరిపోయాక ఇల్లంతా తమరి పేరనే రాయించుకుంటున్నారు, అభినందనలు. కొత్త గృహప్రవేశానికి నా కోరిక ఒక్కటే ఉంది. అంచు మూయండి. ఈసారి కారితే జివ్వుమని నాకు చెప్పడానికి లోపల నరం కూడా ఉండదు. ఎముకకు చీము పట్టి చిగురు వాచేదాకా నాకు కబురే అందదు.

ఇట్లు,
తమరి బిల్లు కట్టిన,
మళ్లీ కట్టబోతున్న
ఒక నల్గొండ వాస్తవ్యుడు