డొక్కలెగరేసే బిడ్డ – అడగని ప్రశ్న

పసిబిడ్డ డొక్కలెగరేస్తూ రొప్పుతుంటే తల్లి ముందు చలిగాలిని తిట్టుకుంటుంది, ఆపైన తన్ను తానే తిట్టుకుంటుంది. డాక్టర్ నెబ్యులైజర్ పెట్టిస్తారు, మందు రాస్తారు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న బిడ్డ పుట్టకముందే అడగాల్సిందన్నది మా వాదన.

ఊపిరితిత్తుల మొలక గర్భంలో నాలుగో వారానికే కనిపిస్తుంది. 16, 17 వారాలకల్లా ప్రధాన గాలిగొట్టాలు కొమ్మలు వేయడం పూర్తవుతుంది. ఆ తర్వాత అవి పొడవూ వెడల్పూ పెరగడమే. చాలామందికి పొట్ట ఎత్తుగా కనపడేది కూడా అప్పుడే! గాలితిత్తుల (గొట్టాల చివర ఉండే చిన్న గాలి సంచుల) లెక్క వేరు. అవి నెలలు నిండే వేళ మొదలై, ఎక్కువ భాగం పుట్టాకే ఏర్పడతాయి. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు పిల్లికూతలు, న్యుమోనియా ముప్పు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో, విటమిన్ ఎ లోపం ఏళ్ల తరబడి ఉన్నచోట, కొందరు స్త్రీలకు గర్భానికి ముందూ, గర్భంలోనూ, కాన్పయ్యాకా వారానికోసారి ఆ విటమిన్ ఇచ్చారు. వాళ్ల పిల్లలు 9 నుంచి 13 ఏళ్ల వయసుకొచ్చాక గొట్టంలోకి గట్టిగా ఊదించి చూశారు. విటమిన్ అందని తల్లుల పిల్లలకంటే మొదటి సెకనులో సగటున 46 మిల్లీలీటర్ల గాలి ఎక్కువ వదిలారు. మూడు టేబుల్‌స్పూన్లంత. ఈ ఫలితం 2010లో వెలువడింది. అదే ప్రాంతంలో బడికి వెళ్లని వయసు పిల్లలకు నేరుగా విటమిన్ ఇచ్చిన మరో ప్రయోగంలో, వాళ్లు పెద్దయ్యాక ఊపిరితిత్తుల పనితీరులో అలాంటి తేడా కనపడలేదు. ఆలస్యమైతే అదే మందు పనిచేయకపోవచ్చన్నమాట.

ఇది చదివి ఎవరూ మాత్రల షాపుకు పరుగెత్తవద్దు. గర్భిణికి విటమిన్ ఎ మోతాదు మించితే పిండానికే చేటు. కావలసింది మాత్రకన్నా ముందు కడుపునిండా రకరకాల తిండి, రక్తహీనతకు సకాలంలో చికిత్స, పొగకు దూరం.

పుట్టాక ముర్రుపాలు, ఆరు నెలలపాటు తల్లిపాలు మాత్రమే. న్యుమోనియాకు ఇంతకన్నా చవకైన కవచం లేదు. కానీ మూడు నెలలకే తల్లిని పనిలోకి రమ్మనే సంస్థ గోడమీద ‘ఆరు నెలలు తల్లిపాలే’ అన్న పోస్టర్ అంటిస్తే, అది ఆమె మీద మరో నేరం మోపడమే.