రామన్ మైక్రోస్కోపు గదిలోని ఫైబర్ లేజరు గారికి

మహారాజశ్రీ ఫైబర్ లేజరు గారి సముఖానికి మూడో అంతస్తు పరిశోధక విద్యార్థి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అనాలి గాని, నిన్న మధ్యాహ్నం తమ ముఖాన ఎర్రదీపం వెలిగినప్పటి నుంచి ఇద్దరికీ కుశలం లేదు.

ఆ మధ్యాహ్నం కోసం పదహారు రోజులు వరుసలో ఉన్నాను. కాలేయపు ముక్క స్లైడు మీద సిద్ధంగా ఉంది. అందులో కొవ్వు బిందువులు చూడాలి. రెండు పుంజాల మధ్య తేడా 2845 తరంగసంఖ్య (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలనే లెక్క) దగ్గర ఉంటేనే కొవ్వు పలుకుతుంది. తమ 1031 నానోమీటర్ల పుంజానికి జోడీగా రెండో పుంజం 797కు రావాలి. అంకె కొడితే చాలని తమ కరపత్రం చెప్పింది. కొట్టాను. తమరు 802 దాకా వచ్చి, మోడ్‌లాక్ (కాంతిని పొట్టి తునకలుగా, లయ తప్పకుండా పంపే పట్టు) వదిలేసి, మూగనోము పట్టారు.

తమ కాంతిలోని రొద, అంటే వెలుగు హెచ్చుతగ్గుల గురించి మాట్లాడను. పది వేలలో ఒక వంతు తేడాను పట్టుకోవలసిన చోట తమరు సణుగుతూ ఉంటే, ఆ సణుగుడు తీసివేయడానికి ఇంకో డిటెక్టరు కొన్నాం. పోనివ్వండి.

నా బాధల్లా ఒక్కటే. తమకు స్క్రూ లేదు.

తమకు ముందున్న లేజరు పందిరిమంచమంత ఉండేది. రోజూ పొద్దున్నే దాని అద్దాలను గంటసేపు బుజ్జగించేవాళ్లం. ఏ అద్దం అలిగిందో తెలిసేది, పావుతిప్పు తిప్పితే దిగివచ్చేది. కాంతి అంతా గాజుపోగులోనే నడుస్తుంది, సర్దవలసిన పనే లేదని చెప్పి తమను తెచ్చారు. సర్దే పని లేదంటే సర్దే వీలు లేదని అర్థమట! నాలుగు మూలలా సీలు. విప్పితే వారంటీ పోతుందని స్టిక్కరు. సర్వీసు వారికి ఫోను చేస్తే ఆపి మళ్లీ వేయమన్నారు. పదకొండు సార్లు వేశాను. ఇక పెట్టెను సముద్రం దాటించాలట, ఆరు వారాలట. స్క్రూడ్రైవరు పట్టుకుని తమ చుట్టూ ప్రదక్షిణలు చేశాను, దూర్చడానికి కన్నం లేదు.

1928లో కలకత్తాలో రామన్ గారు ఎండతో మొదలుపెట్టారు. మన తెలుగు భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం గారితో సహా ఆ తరమంతా పాదరసపు దీపాలతో నెట్టుకొచ్చింది. దీపం పోతే దీపం మార్చుకున్నారు. నీకేమొచ్చిందయ్యా? ఎక్కడ నొప్పో చెప్పవేం? నీకు ఉక్కపోయకూడదని ఏసీ వేసి, నేను స్వెట్టరు తొడుక్కుని కూర్చుంటున్నాను. మా తాతగారికి కూడా ఇంత సేవ చేయలేదు!

రాత్రి తొమ్మిదిన్నరకు గదికి తాళం వేయబోతుంటే తమ పచ్చదీపం వెలిగింది. నేను వేలు కూడా పెట్టలేదు. తెర మీద 797. కాలేయం అప్పటికే పసుపురంగు చెత్తసంచిలో పడింది. క్యారేజీ అడుగున మిగిలిన పెరుగు చుక్కను స్లైడు మీద పెట్టాను. ఏ రంగూ అద్దకుండానే వెన్న బిందువులు ముత్యాల్లా తేలాయి. అరగంట అలాగే చూస్తూ కూర్చున్నాను.

పెరుగు సంగతి మా గైడు గారికి చెప్పకండి. ఆ గదిలోకి తిండి తేకూడదు.

ఇట్లు,
స్క్రూడ్రైవరు ఇంకా జేబులోనే ఉంచుకున్న
తమ విధేయుడు