తేనెపట్టుకి నిప్పు పెట్టమని నాకు చెప్పకండి

నిన్న సాయంత్రం మళ్ళీ అదే మాట. "ఏందక్కా, ఆ తేనెపట్టు ఇంకా ఉంచినారా? కర్రకి గుడ్డ చుట్టి కాస్త పెట్రోలు పోస్తే అయిపోద్ది" అన్నాడు పక్కింటి అబ్బాయి. మా మంచికే చెప్పాడు. కానీ నాకు కడుపు మండిపోయింది.

మాది పొదలకూరు దగ్గర. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కనున్న నిమ్మచెట్టుకి అరచెయ్యంత పట్టు ఉంది. చిన్న తేనెటీగలు, కొమ్మని కరుచుకున్న ఒకే పలక. పట్టుకి అటూ ఇటూ కొమ్మంతా జిగురు పూసుకున్నాయి. చీమలు ఆ జిగురు దాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరగడం నా కళ్ళతో చూశాను. అంత కష్టపడి కట్టుకున్న ఇంటికి నిప్పు పెట్టడానికి చేతులెలా వస్తాయి? పైగా నిమ్మకాయ మీద బతికే ఊళ్ళు మనవి. పూత మీద ఈగలు తిరిగితే పిందె బాగా నిలుస్తుంది. అందుకే పూత మీదున్నప్పుడు మేం మందు కొట్టం.

పిల్లలున్న ఇల్లే మాది. తొట్టిని నాలుగడుగులు ఇవతలికి జరిపాం. ఆ చెట్టు కింద ఆకులు తగలబెట్టం, కొమ్మలు నరకం. రాత్రి పెరటి లైటు ఆపేస్తాం, వెలుగుకి ఈగలు వస్తాయి. పళ్ళెంలో పెంకులు వేసి నీళ్ళు పెడితే వాటి మీద వాలి తాగుతాయి. ఈగ దగ్గరికొస్తే చెయ్యి విసరొద్దని, మెల్లగా పక్కకి జరగమని పిల్లలకి నేర్పాం. కుడితే ముల్లు వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి. ముల్లుతోపాటు విషం తిత్తి కూడా ఉండిపోతుంది, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతూనే ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా ఇంటి వైద్యాలు వద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

వాటర్ ట్యాంకులకీ పెద్ద చెట్లకీ వేలాడే పెద్ద తేనెటీగల సంగతి వేరు. వాటి దగ్గర ధైర్యం పనికిరాదు. ఒకటి కుడితే ఆ వాసనకి మిగతావన్నీ లేస్తాయి. మా వీధిలో ఒకసారి మంట పెట్టారు. లేచిన ఈగలు పెట్టినవాళ్ళని వదిలేసి, ట్యూషన్ నుంచి వస్తున్న ఇద్దరు పిల్లల్ని కుట్టాయి. ఆ పిల్లల ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అలాంటి పట్టు బడి దగ్గరో ఆసుపత్రి దగ్గరో ఉంటే, పని తెలిసినవాళ్ళని పిలిచి తీయించండి. పొద్దున పదింటికి, జనం మధ్యలో మాత్రం వద్దు.

ఆదివారం ఆ అబ్బాయిని మా పెరట్లోకి రమ్మన్నాను. ముందు ఆ జిగురు చూడమను, తర్వాత మాట్లాడదాం.