పట్టాల్లేని చిత్రశాల

స్టాక్‌హోమ్ మెట్రో గురించి ఈమధ్య తెగ చెబుతున్నారు. వంద స్టేషన్లలో తొంభైకి పైగా వాటిల్లో బొమ్మలో శిల్పాలో ఉన్నాయట, మొత్తం 110 కిలోమీటర్ల చిత్రశాలట. ఉంటే ఉండనివ్వండి. వాళ్ళు పాపం ముందు సొరంగాలు తవ్వుకుని, పట్టాలేసుకుని, రైళ్ళు నడుపుకుంటే తప్ప గోడకు రంగు వేసుకోలేకపోయారు. మా విశాఖపట్నానికి ఆ ఖర్మ పట్టలేదు. 2014 విభజన చట్టంలో మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమని రాసిన దగ్గర్నుంచీ, ఒక్క పట్టా లేకుండానే మేం కళను ప్రదర్శిస్తూ వస్తున్నాం.

ఎక్కడంటారా? పేపర్లో. ఊహాచిత్రం అంటారు దాన్ని. మొన్న మద్దిలపాలెంలో పునుగులు కట్టిచ్చిన కాగితం మీద నాకొకటి దొరికింది. నీలం రైలు, కింద నాకేసినట్టున్న రోడ్డు, ఆటో లేదు, ఆవు లేదు, ఫ్లెక్సీ లేదు, చెట్లన్నీ ఒకే ఎత్తు. మనుషులు నలుగురే, అందులో ఒకాయన కోటు వేసుకున్నాడు, మన ఉక్కపోతలో! నూనె పీల్చి కాగితం పలచబడటంతో రెండో బోగీలోంచి వెనక పేజీ 'వరుడు కావలెను' తిరగబడి కనిపిస్తోంది. ఇంత లోతు ఏ గోడబొమ్మకుంటుంది చెప్పండి.

తొలి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. ఉత్తి 46 అంటే ఎవడూ నమ్మడు, ఆ పాయింట్ ఇరవైమూడులోనే ఉంది పనితనమంతా.

ఒకవేళ నిజంగానే కట్టేస్తే (టెన్షన్ పడకండి, మాటవరసకే) లోపల ఏం పెట్టాలి? నన్నడిగితే ఏటికొప్పాక లక్కబొమ్మలు. కమిటీ కూర్చుంటే మాత్రం, ఊళ్ళో డాల్ఫిన్ నోస్ కొండ ఉంది కనక, డాల్ఫినే తేలుతుంది. మాస్కోలో ప్లోషద్ రెవల్యూత్సీ స్టేషన్లో కంచు కుక్క ముక్కు తాకితే అదృష్టమని జనం రుద్ది రుద్ది దాన్ని తళతళలాడించారు. మన దగ్గర డాల్ఫిన్ ముక్కుకైతే వారానికి పసుపు, నెలకి హుండీ.

అసలు నాకు నచ్చింది స్టాక్‌హోమ్‌లోనే టీ-సెంట్రాలెన్ స్టేషన్. అక్కడ పేర్ ఊలోఫ్ ఉల్ట్‌వెట్ అనే ఆయన 1970ల్లో, స్టేషన్ కోసం చెమటోడ్చిన పనివాళ్ళ నీడబొమ్మలు నీలం రంగులో గీశాడు. మనమూ కష్టపడ్డవాళ్ళనే గీయాలి: డీపీఆర్ (అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) రాసినవాడు, అది పాతబడిందని మళ్ళీ రాసినవాడు, ఈలోగా రేట్లు పెరిగాయని ఇంకోసారి రాసినవాడు, ఫైలు పట్టుకుని ఢిల్లీ వెళ్ళి అదే ఫైలుతో తిరిగొచ్చినవాడు. 42 స్టేషన్ల గోడలు చాలతాయా అని నా అనుమానం.

ఈ ముక్కే పునుగుల బండి బాబాయితో అంటే, చట్టి కింద మంట తగ్గించి, "అదంతా సరేగానీ బాబూ, మెట్రో వస్తే నా బండెక్కడ ఎట్టుకోవాలేటి?" అన్నాడు. ఇద్దరం కాగితం వెలుతురుకి పట్టుకుని వెతికాం. బండి ఉండాల్సిన చోట కోటాయన నిలబడి ఉన్నాడు.