రెండు చెక్కల మేధావులు

చైనాలో 1300 ఏళ్ల కిందటే ప్రభుత్వాధికారులను ఎంపిక చేసే మెరిట్ పరీక్ష ఉండేదట, ఆ దేశం అందుకే అంత ఎత్తుకు ఎదిగిందట. నలుగురు చేరినచోట ఒకాయన ఈ మాట అనందే టీ గ్లాసు కింద పెట్టడు. సరే, ఆ ఎత్తేదో కొలిచి చూద్దాం.

నాన్‌జింగ్ పరీక్షా ప్రాంగణంలో ఇరవై వేల పైచిలుకు గదులు. గది అంటే మూడు గోడలు, రెండు చెక్కలు. పగలు పై చెక్క బల్ల, కింది చెక్క పీట. రాత్రి రెండూ కలిపితే మంచం. కాళ్లు చాపడానికి చోటు లేదు, మేధావికి కాళ్లతో పనేముంది! వంటా అక్కడే. మూడు విడతలు, విడతకు రెండు రాత్రులు. మరుగుదొడ్డి పక్క గది వచ్చిందా, కన్‌ఫ్యూషియస్‌ను ముక్కు మూసుకుని స్మరించాలి. మధ్యలో ప్రాణం పోతే, గడువు దాకా తలుపు తియ్యరు కనక శవాన్ని చాపలో చుట్టి గోడ దాటించడమే.

రాయాల్సింది ఎనిమిది కాళ్ల వ్యాసం, అంటే ఎనిమిది భాగాల మూసలో కన్‌ఫ్యూషియస్ గ్రంథాల సూక్తికి వివరణ. మొదటి రెండు వాక్యాల్లో విషయం పగలగొట్టాలి, అంటే సూక్తి సారం తేల్చెయ్యాలి. ఆపైన జతకాళ్లు, అంటే జంటగా వచ్చే భాగాలు, మాటకు మాట తూగాలి. అందరికీ అన్నీ బట్టీ వచ్చేశాయని పరీక్షాధికారులు ఒక సూక్తి తోకను ఇంకో సూక్తి తలకు అతికించి అడిగేవారు. దానికీ అర్థం లాగినవాడే రేపటి పాలకుడు! దస్తూరీ ఆనవాలు పట్టకుండా నల్లసిరా జవాబును గుమాస్తాలు ఎర్రసిరాతో తిరగరాసేవారు. ఎంత నిష్పాక్షికం! నదులు, పన్నుల ప్రశ్నలు లేకపోలేదు, మూడో విడతలో ఉండేవి. దిద్దేవాళ్లు మొదటి విడత దగ్గరే తేల్చేసేవారు, అంతే.

1872లో జపాన్ తనకు 53,760 ప్రాథమిక బడులు కావాలని లెక్కగట్టింది. అన్నీ కట్టలేదు, కానీ లెక్కంటూ వేసింది. అదే ఏడు చైనా అమెరికాకు చదువుకోడానికి కుర్రాళ్లను పంపడం మొదలుపెట్టింది. ఏడాదికి ముప్పై, నాలుగేళ్లకు 120. అంత పెద్ద దేశానికి! తీరా చదువు పూర్తికావస్తుంటే 1881లో వచ్చేయమన్నారు. చైనాలో మగవాళ్లకు తప్పనిసరైన జడలు కత్తిరించుకున్నారట, చర్చికి వెళ్లారట, బేస్‌బాల్ ఆడారట. పట్టా చేతికొచ్చింది ఇద్దరికి. అందులో ఒకడు ఝాన్ తియన్‌యౌ, యేల్‌లో సివిల్ ఇంజినీరు. రైలు మార్గం వెయ్యగలవాణ్ణి తీసుకెళ్లి ఫూజౌలో ఓడ నడపడం నేర్పారు! ఆ తర్వాత పంతులుగా కూర్చోబెట్టారు. రైలు పని దొరికేసరికి 1888. ఏడేళ్లు మట్టిపాలు చేసింది ఎవరో పరాయివాళ్లు కాదు, ఎనిమిది కాళ్ల మీద నడిచొచ్చిన పెద్దమనుషులే. సిగ్గుండక్కర్లేదా! 1895లో యుద్ధంలో ఓడి, వీళ్లే జపాన్‌కు 20 కోట్ల టేల్‌ల (చైనా తూకం) వెండి కడతామని సంతకం పెట్టారు.

1905లో పరీక్ష రద్దయింది. బీజింగ్-ఝాంగ్‌జియాకౌ రైలు మార్గం పని ఝాన్ మొదలుపెట్టిందీ ఆ ఏడే. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు.