హాలు చేసిన తప్పేమిటి?

స్టాండప్ కమెడియన్ కునాల్ కమ్రా ఆ రాత్రి అక్కడ లేడు. అయినా 2025 మార్చి 23 ఆదివారం, ఆయన షో షూట్ చేసిన హాలు, ముంబై ఖార్‌లోని హ్యాబిటాట్ స్టూడియో మీద శివసేన కార్యకర్తలు పడ్డారు, కుర్చీలు ఎత్తి విసిరారు, చేతికందిన సామాను విరగ్గొట్టారు. మర్నాడు మున్సిపల్ సిబ్బంది సుత్తులతో దిగి, అక్రమ నిర్మాణమంటూ కొంత భాగం కూల్చేశారు. స్టూడియో వాళ్లు క్షమాపణ చెప్పుకుని తలుపులు మూసుకున్నారు. మాట అన్నది కమ్రా. షూట్ చేసిన షోను యూట్యూబ్‌లో పెట్టిందీ ఆయనే. మూతపడింది మాత్రం హాలు.

తమ నాయకుడు, మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండేను పేరెత్తకుండా పేరడీ పాటలో 'గద్దార్' (ద్రోహి) అన్నాడన్నది వాళ్ల కోపం. ఆ మాట ఎవరికైనా బాధ కలిగించేదే, దానికి పోలీస్ స్టేషన్ ఉంది, కోర్టు ఉంది, వాళ్ల ఎమ్మెల్యే కేసు కూడా పెట్టారు. అక్కడితో ఆగి ఉంటే మేం ఈ నాలుగు ముక్కలు రాయాల్సిన పనే ఉండేది కాదు. విధ్వంసం చేసిన 12 మందిని అరెస్టు చేస్తే అదే రోజు బెయిల్ మీద ఇళ్లకు వెళ్లిపోయారు. షిండే అయితే చర్యకు ప్రతిచర్య ఉంటుందని సెలవిచ్చారు. అంత పదవిలో ఉన్నాయనే అలా అన్నాక కింది కార్యకర్తకు ఇంక అడ్డేముంటుంది?

మా బెంగంతా హాళ్ల గురించే. ఉగాది వస్తుంది. విజయనగరంలో, శ్రీకాకుళంలో పంచాంగ శ్రవణం అవగానే కవులు మైకు అందుకుంటారు. రోడ్డు మీద గుంతల నుంచి ఎమ్మెల్యే గారి హామీల దాకా ఎవరినీ వదలరు. అన్నీ ఆనందగజపతి ఆడిటోరియంలోనో బాపూజీ కళామందిర్‌లోనో జరగవు కదా. మన దగ్గర చిన్న హాలంటే పైన రేకులు, రెండొందల ప్లాస్టిక్ కుర్చీలు, మూలన ఒక మైక్‌సెట్. నిశ్చితార్థానికీ అదే, రిటైర్మెంట్ సన్మానానికీ అదే, ఆదివారం నాటకానికీ అదే. హాలాయన అద్దె పుచ్చుకుంటాడు గానీ కవిత్వం ముందుగా చదివి చూడడు. ఒకసారి ఆ కుర్చీలు విరిగాయంటే, ఈసారి వచ్చినవాళ్లను 'రాజకీయాలేమీ ఉండవు కదండీ?' అని అడుగుతాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు హాలు ఖాళీ లేదంటాడు. ఏ జీవో రాకుండానే, ఏ సెన్సారూ లేకుండానే ఊళ్లో మాట ఆగిపోతుంది.

2025 మార్చి 28న మద్రాసు హైకోర్టు ఏప్రిల్ 7 దాకా కమ్రాను అరెస్టు చేయకుండా రక్షణ ఇచ్చింది. ఒక కవిత మీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును అదే రోజు కొట్టేసిన సుప్రీంకోర్టు, నాటకం, వ్యంగ్యం, స్టాండప్ కామెడీ లాంటివి మనిషి బతుకుకు అర్థాన్నిస్తాయని చెప్పింది. సంతోషం. మరి హాలుకు రక్షణ ఎవరిస్తారు? కూల్చేముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబర్ 13న చెప్పిందీ ఆ సుప్రీంకోర్టే. ముంబైలో గుంపు వెళ్లడానికీ సుత్తి రావడానికీ మధ్య ఒక్క రాత్రి గడిచింది. అన్నాళ్లూ కనపడని అక్రమ నిర్మాణం ఒక్క పాటతో కనపడిందా?

1876లో బ్రిటిష్‌వాళ్లు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. వద్దన్న నాటకం ఆడినవాళ్లతో పాటు చోటిచ్చిన ఇంటి యజమానినీ శిక్షించే చట్టమది. దాన్ని మన పార్లమెంటు రద్దు చేసి ఏళ్లు గడిచాయి. చట్టం పోయింది, ఆ పని ఇప్పుడు గుంపు చేసిపెడుతోంది. చోటిచ్చినవాణ్ని కొడితే చాలు, ఆడేవాడు తనంతట తనే ఆగిపోతాడని తెల్లదొరలకు తెలుసు, వీళ్లకూ తెలుసు.

విజయనగరం వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. పసిపిల్లల్ని అమ్ముకునే పెద్దమనుషుల్నీ, ఇంగ్లీషు కోతలు కోసే గిరీశాన్నీ గురజాడ ఈ ఊరి జనం మధ్యే నిలబెట్టి నవ్వించాడు. సంస్థానం కొలువులో ఉంటూనే రాశాడు. ఆనంద గజపతి మహారాజు ఆ పుస్తకాన్ని అంకితం తీసుకున్నారు. తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ కేతిగాడు దీపం ముందుకు ఎగిరొచ్చి ఊరి పెద్దల్ని ఎకసెక్కాలాడితే, తెరకు నిప్పు పెట్టడం మన పద్ధతి కాదు.

ముంబై గొడవ మనకెందుకులే అని ఇక్కడి పార్టీలు నోరు మెదపలేదు. మెదపవు కూడా. సోషల్ మీడియా పోస్టులకు కేసులు పెట్టడంలో మన రాష్ట్రంలో ఏ ప్రభుత్వమూ తక్కువ తినలేదు. ప్రతిపక్షంలో ఉంటే భావప్రకటన స్వేచ్ఛ, కుర్చీ ఎక్కితే కేసు.

ఉగాది వేదికల మీద శాలువాలు కప్పించుకోబోయే నాయకులకు ఒక మాట. కవి చురక వేసినప్పుడు ముందు వరసలో కూర్చుని నవ్వేస్తే సరిపోదు. మర్నాడు మీ మనుషులెవరైనా హాలాయనకు ఫోన్ చేసి బెదిరిస్తే, వాళ్లెవరో మీరే స్టేషన్‌కు వెళ్లి చెప్పాలి. అది చేతకాదనుకుంటే ఆ శాలువాల కోసం రాకండి.